నైరుతి మూల బరువు

నేను ఒక ఛాసిస్‌ను. విజయవాడ ఆటోనగర్‌లో నన్ను ‘చాసీ’ అంటారు, నాకూ ఆ పేరే నచ్చుతుంది. బస్సుకైనా లారీకైనా అడుగున రెండు పొడవాటి ఉక్కు దూలాలుంటాయి. వాటిని కలిపే అడ్డ దూలాలు, ముందు ఇంజను, కింద ఇరుసులు, చక్రాలు, ఇవన్నీ కలిస్తే నేను. పైన మీరు కట్టుకునే రేకులు, అద్దాలు, కర్టెన్లు నేను కాదు. కానీ మీరు చూసేవి అవే. బండి కొనేవాడు సీటు మెత్తగా ఉందా అని నొక్కి చూస్తాడు, పాట పెట్టి వింటాడు, పక్కద్దంలో మీసం దువ్వుకుంటాడు. నడుం వంచి అడుగున ఏముందో చూసినవాళ్ళు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా తగల్లేదు. అందుకే మనుషులంటే నాకు రోత. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నా నోరు మంచిది కాదని సన్నాయి నొక్కులు నొక్కకండి.

నన్ను పుట్టించినవాళ్ళ మీద మాత్రం నాకు కోపం లేదు. నా మీద ఎంత బరువు వేయవచ్చో, అందులో ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత పడాలో వాళ్ళు ఒక చిన్న రేకు మీద అచ్చువేసి నా ఒంటికి బిగించారు. కుడి ఎడమలు సమానంగా ఉండాలని మాత్రం రాయలేదు. ఆ సంగతి కూడా రాసి చెప్పాల్సిన మనుషులు ఉంటారని పాపం వాళ్ళకు తట్టలేదు.

ఫ్యాక్టరీ నుంచి నన్ను విజయవాడకు తోలుకొచ్చినవాడు దేవసహాయం. ప్రకాశం జిల్లా మనిషి, యాభై దాటాయి. పైకప్పు లేదు, తలుపు లేదు, ముందు అద్దం లేదు. స్టీరింగు వెనక ఒక చెక్కపెట్టె వేసుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, రెండు రోజులు ఎండకూ దుమ్ముకూ ఓర్చి నడిపాడు. దారిలో ఎక్కడ ఆగినా ముందు నా కింద దూరి చూసి, ఆ తర్వాతే టీ తాగేవాడు. ఆయన జేబులో ఒక ప్లాస్టిక్ కవరులో డ్రైవింగ్ లైసెన్సు కార్డు ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళుగా దాని మీద ఒక్క కేసు లేదు, ఒక్క మచ్చ లేదు. ఆయనకున్న ఆస్తి అదొక్కటే. అది పోతే ఆ వయసులో ఇంకో పని చేతకాదని ఆయనకూ తెలుసు.

ఆటోనగర్‌లో కరీముల్లా మేస్త్రి షెడ్డు ముందు నన్ను నిలబెట్టారు. కరీముల్లా బండ్లకు బాడీలు కట్టే మేస్త్రి. అక్కడ అప్పటికే ఇంకో రెండు చాసీలున్నాయి. మూడు రోజులకు చీమకుర్తి నుంచి గ్రానైటు క్వారీల యజమాని చుండూరు పూర్ణచంద్రరావు వచ్చాడు. ఆయనకు క్యారవాన్ కావాలట. అంటే మంచం, వంటగది, స్నానాల గది అన్నీ ఉండే బండి. భార్య హైమావతిగారితో కలిసి దేశంలో ఉన్న గుళ్ళన్నీ చూడాలని ఆయన కోరిక. కోరికలో తప్పేమీ లేదు. వెంట ఒక వాస్తు సిద్ధాంతిని తీసుకురావడమే తప్పు.

కరీముల్లా పిలిచి అడిగితే దేవసహాయం మూడు చాసీల మంచిచెడ్డలూ విప్పి చెప్పాడు. అంత నిజాయితీగా నన్ను ఇంకెవరూ వర్ణించలేదు, నా లోపాలతో సహా.

“ఇది చూడండయ్యా, ఎనక ఇంజను బస్సు చాసీ. గాలి బెలూన్ల మీద కూర్చుంటది. పైన నీళ్ళగ్లాసు పెట్టినా తొణకదు. ఇంజను మోత ఎనక్కే పోద్ది, అమ్మగారు హాయిగా పండుకోవచ్చు. కాకపోతే బెలూను చిల్లిపడిందంటే పల్లెటూళ్ళో బాగుచేసేవాడు దొరకడు. ఈ చిన్న వ్యానుది ముందు చక్రాలే లాగుతాయి. కారు మాదిరి తిరుగుద్ది, ఘాట్ రోడ్డుకు బంగారం. మీరు ఇద్దరు ముగ్గురే గదా, సామాను తగ్గించుకుంటే ఇది చాలు.”

“మరి ఇదో?” అన్నాడు పూర్ణచంద్రరావు నా వైపు వేలు చూపించి.

“దీనికి ముందు ఇంజను, బెలూన్ల బదులు కమాను కట్టలు, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగులు. మోతా ఎక్కువే, కాబిన్లో సెగా ఎక్కువే. స్టీరింగు బరువు. గుంతలో పడితే నడుం పట్టుద్ది. కానీ మొండిది. ఎక్కడ ఆగిపోయినా కమాను పట్టీ దొరుకుద్ది, సుత్తి పట్టుకున్న ప్రతివాడూ బాగుచేస్తాడు. మీ పనికి మాత్రం నేనైతే వ్యానే తీసుకుంటా.”

నడక ఎలా ఉంటుంది, ఇంజను ఎటువంటిది, మరమ్మతు ఎంత సులువు, ఈ మూడూ తెలిశాక ఇంకేం కావాలి? పూర్ణచంద్రరావు అదంతా పెళ్ళిలో మంత్రాలు విన్నట్టు విని, సిద్ధాంతి వైపు తిరిగాడు.

“ఇది బండి కాదు బావా, ఇల్లు,” అన్నాడు సిద్ధాంతి. ఇద్దరికీ దూరపు చుట్టరికం. “ఇల్లు అన్నాక వాస్తు ఉండాలి.”

ఆ ఒక్క మాటతో నా బతుకు తెల్లారింది. బండి ముఖమే తూర్పు అని సిద్ధాంతి తేల్చాడు. తూర్పు ముందైతే కుడి దక్షిణం, ఎడమ ఉత్తరం. ఇంజను అంటే అగ్ని, అది ఆగ్నేయం వైపు ఉండాలి. వెనక ఇంజను చాసీకి అగ్ని పడమట పడింది, పనికిరాదు. చిన్న వ్యానులో ఇంజను అడ్డంగా అమర్చి ఉంది. అగ్ని అడ్డం తిరిగితే కుటుంబంలో కలహాలట. ఇక మిగిలింది నేను. నా దూలాల గట్టితనం చూసి కాదు, నా ఇంజను శక్తి చూసి కాదు, నిప్పు సరైన మూలకు దగ్గరగా ఉందని నన్ను ఎంచుకున్నారు. అంతకంటే నన్ను తుక్కు కింద కొనుక్కుని ఉంటే మర్యాదగా ఉండేది.

దేవసహాయం తల గోక్కున్నాడు. “అయ్యా, బండి మలుపు తిరిగితే తూర్పు కూడా తిరుగుద్ది గదా?”

“బండి ఎటు తిరిగినా ముఖం ముఖమేనయ్యా,” అన్నాడు సిద్ధాంతి. పూర్ణచంద్రరావు మురిసిపోయాడు.

ఆ ఉదయమే పూర్ణచంద్రరావు దేవసహాయాన్ని నెలజీతానికి డ్రైవరుగా కుదుర్చుకున్నాడు. చాసీలు తోలి తోలి నడుం అరిగిన మనిషికి కప్పున్న బండి, కదలని కొలువు దొరకడం చిన్న విషయం కాదు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. నేనూ సంతోషించాను, ఆయన చేతుల్లో ఉంటానని.

తర్వాత రెండు నెలలు నా మీద ఇల్లు కట్టారు. నైరుతి బరువుగా ఉండాలి. నైరుతి అంటే నా వెనక కుడి మూల. అక్కడ పడకగది, పడకగదిలో ఇనప బీరువా. మంచానికి చెక్క ఎందుకు, మన క్వారీ రాయి ఉండగా అని నల్ల గ్రానైటు దిమ్మె కట్టించాడు పూర్ణచంద్రరావు. రాయి అమ్ముకునేవాడికి రాయే పరుపు కాబోలు. పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు, అదీ నైరుతి మూలే. వంటగది ఆగ్నేయం, అంటే డ్రైవరు వెనక కుడివైపు. గ్యాసు బండలు, జనరేటరు, గ్రానైటు గట్టు అన్నీ అక్కడే. ఉత్తరమూ ఈశాన్యమూ తేలిగ్గా, ఖాళీగా ఉండాలట. అందుకని ఎడమవైపు ఒక పూజ అర, ఒక పల్చటి కర్టెను. ఇంకేమీ లేవు. నన్ను పుట్టించినవాళ్ళు వచ్చి చూస్తే నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్ళు.

పని పూర్తయ్యేసరికి నేను కుడివైపు నాలుగు వేళ్ళు ఒరిగాను. కుడి వెనక కమాను కట్ట దాదాపు తిన్నగా సాగిపోయింది. ఎడమ ముందు చక్రం నేలను తాకీ తాకనట్టు ఉంది. బండి ఊళ్ళోకి తీసుకెళ్ళి తిప్పి చూసిన దేవసహాయం చెమటలు తుడుచుకుంటూ దిగాడు.

“అయ్యా, ఎడమ మలుపు తిప్పితే బండి కుడికి పడిపోతా ఉంది. స్టీరింగు గాల్లో తేలుతా ఉంది. ట్యాంకన్నా అవతలికి మార్పించండి.”

“నడిపే పని నువ్వు చూసుకో. దిక్కుల పని సిద్ధాంతిగారు చూసుకుంటారు,” అన్నాడు పూర్ణచంద్రరావు.

కానీ బండి వంకరగా నిలబడితే ఫోటోలో బాగుండదు. ఆ మాట మాత్రం ఆయనకు నాటింది. ఏం చేయాలని కరీముల్లాను అడిగాడు. కరీముల్లా పనితనం తెలిసిన మేస్త్రి. బరువు తీయాలని ఆయనకు తెలియదా? తెలుసు. పెద్ద ఖాతాదారు ముఖం మీద లేదనే ధైర్యం లేక, కుడి కమాను కట్టలో ఇంకో రెండు పట్టీలు ఎక్కించాడు. బండి కంటికి తిన్నగా నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా దూలం మీద పడే బరువు ఒక్క చెంచా కూడా తగ్గలేదు, పైగా కమాను గట్టిపడిపోయి ప్రతి గుంతా నేరుగా దూలానికే తగలసాగింది. పట్టీలు బిగించి లేచిన కరీముల్లా నా వైపు చూడలేకపోయాడు. ఆయన మీద ఆ రోజు నాకు పుట్టిన అసహ్యం యజమాని మీద కూడా పుట్టలేదు. యజమానికి తెలియదు, ఈయనకు తెలుసు.

ఆ తర్వాత గృహప్రవేశం. నవ్వకండి, నిజంగానే చేశారు. బండి గుమ్మానికి మామిడాకులు, లోపల స్టవ్వు మీద పాలు పొంగించడం, బంధువులందరికీ భోజనాలు. టైర్ల కింద నిమ్మకాయలు కూడా పెట్టారు, ఇల్లో బండో తేల్చుకోలేక రెండు మర్యాదలూ చేశారన్నమాట. పొంగిన పాలు గ్రానైటు మీద నుంచి కారి కుడివైపుకే పోయాయి. హైమావతిగారు ఒక్కరే అది గమనించారు.

“ఏమండీ, పాలు అటే పోతున్నాయేంటి?”

“దక్షిణానికి పోతే మంచిదే,” అన్నాడు భర్త, అసలు సిద్ధాంతిని అడగనైనా అడక్కుండా.

అలా మేము చీరాల తీరం చూశాం, కోటప్పకొండ చూశాం. దేవసహాయం నన్ను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నడిపేవాడు. ఎడమ మలుపు వస్తే ముందే నెమ్మదించేవాడు. వెనక నుంచి హారన్లు కొట్టేవాళ్ళు, తిట్టేవాళ్ళు, ఆయన పట్టించుకునేవాడు కాదు. రెండోసారి యజమానికి చెప్పాడు. ఈ డ్రైవరుకు ప్రతిదానికీ నసే అనిపించుకున్నాడు. శ్రీశైలం బయల్దేరే ముందు మూడోసారి చెప్పాడు.

“ఘాటయ్యా అది. నిండు ట్యాంకుతో వద్దు. పైకెళ్ళాక నీళ్ళు నింపుకుందాం.”

“నిండు కుండతో బయల్దేరాలి, అది శుభం. నీకు భయమైతే చెప్పు, ఇంకొకణ్ణి చూసుకుంటా.”

దేవసహాయం జేబు తడుముకున్నాడు, కార్డు ఉన్న జేబు. ఆయన దిగిపోతే ఇంకొకడు ఎక్కుతాడు, ఆ ఇంకొకడికి నా సంగతి తెలియదు. ఆ ఆలోచనే ఆయన చేత స్టీరింగు పట్టించింది. నాకు నోరుంటే దిగిపొమ్మని అరిచేవాణ్ణి. అప్పటికే కుడి దూలం మీద, కమానును పట్టి ఉంచే కొక్కెం పక్కన, వెంట్రుకంత పగులు మొదలై వారాలయింది. ఎవడూ వంగి చూడలేదు. దేవసహాయం చూడబోతే అక్కడ గ్రానైటు దిమ్మె బోల్టులు కనబడకుండా రేకు కొట్టి మూసేశారు.

ఎక్కడం బాగానే ఎక్కాం. దర్శనం అయింది. మర్నాడు పొద్దున పది గంటలకు దిగడం మొదలుపెట్టాం, మళ్ళీ ట్యాంకు నిండుగానే. బండిలో పూర్ణచంద్రరావు, హైమావతిగారు, ఆవిడ చెల్లెలు, డ్రైవరు. రెండో గేరు దాటలేదు దేవసహాయం. ఒక ఎడమ మలుపు వచ్చింది. ఎడమన కొండ, కుడిన లోయ. మలుపు సగంలో నా వెనక కుడి కమానులో అన్నిటికంటే పొడవైన తల్లి పట్టీ విరిగింది. పగులు ఒక్కసారిగా సాగింది. వెనక ఇరుసు పక్కకు జరిగి, పైనున్న బీరువా, రాయి, నీళ్ళు మొత్తం లోయవైపు ఒరిగాయి.

ఆ క్షణంలో బ్రేకు తొక్కి కళ్ళు మూసుకునేవాళ్ళే ఎక్కువ. దేవసహాయం అలా చేయలేదు. ఎడమ చక్రాలను కొండవైపు కాలువలోకి దించాడు. కాలువలో దిగితే బండి ఎడమకు వాలుతుంది, కుడి లోయ తప్పుతుంది. నా ఎడమ పక్కంతా కొండరాళ్ళకు గీసుకుంటూ పోయింది. పూజ అర నుజ్జయింది, కర్టెను చిరిగింది, రేకులు చీరుకుపోయాయి. నలభై అడుగులు అలా రాసుకుంటూ వెళ్ళి ఆగిపోయాం. హైమావతిగారి మణికట్టు విరిగింది. పూర్ణచంద్రరావు నుదుటికి రెండు కుట్లు పడ్డాయి. మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదు.

నలుగురూ ప్రాణాలతో రోడ్డు మీద నిలబడ్డారు. పూర్ణచంద్రరావు నోటి నుంచి వచ్చిన మొదటి మాట వినండి.

“వీడి స్పీడే మా కొంప ముంచింది!”

ఛీ. నా మీద ఎన్ని టన్నుల రాయి వేసినా నాకు అంత రోత పుట్టలేదు.

అతివేగం, నిర్లక్ష్యం అని కేసు పెట్టారు. దేవసహాయం కార్డు తీసుకున్నారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి బండి చూసి నివేదిక ఇవ్వాలి. తప్పు డ్రైవరుదని రాస్తే లైసెన్సు పోతుంది. నన్ను ఘాటు దిగువన పోలీసు స్టేషను వెనక స్థలంలో పెట్టారు. గురువారం ఇన్‌స్పెక్టరు వస్తారని తెలిసి, మంగళవారమే పూర్ణచంద్రరావు పురమాయింపు మీద కరీముల్లా నలుగురు పనివాళ్ళతో దిగాడు. బండి దారికడ్డంగా ఉంది, జరపాలంటే కమాను వేయాలి, ఇదీ సాకు. విరిగిన పట్టీలు తీసి తాము తెచ్చుకున్న వ్యానులో పడేశారు. కొత్త కట్ట బిగించారు. పైనున్న ట్యాంకు దించేశారు. గ్రానైటు పలకలు పీకి ఎడమవైపు పేర్చారు, వాటి బోల్టులతో పాటు అడుగున కొట్టిన రేకూ ఊడొచ్చింది. వాస్తు ఎటు పోయిందో మరి. ప్రాణం మీదికొస్తే వాయవ్యమూ పనికొచ్చింది.

ప్రహరీ పక్కన కూర్చున్న దేవసహాయం లేచి వచ్చాడు. “మేస్త్రీ, అవన్నీ తీసేస్తే నాకేం మిగులుద్ది?”

“ఏం చెయ్యమంటావన్నా,” అన్నాడు కరీముల్లా నట్టు బిగిస్తూనే. “షెడ్డులో ఇంకో రెండు బళ్ళు ఆయనవే. కాదంటే నా పనోళ్ళు ఏం తింటారు?”

“నేను మాత్రం ఏం తింటా?”

కరీముల్లా వంగి ఇంకో నట్టు అందుకున్నాడు. దేవసహాయం ఆయన్ని తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకనిపించింది.

గురువారం ఇన్‌స్పెక్టరు ఇందుమతిగారు వచ్చారు. నలభై లోపు వయసు, చేతిలో ఫైలు. పూర్ణచంద్రరావు కరీముల్లాను పక్కనే నిలబెట్టుకుని, ఆవిడకు కుర్చీ వేయించాడు, కొబ్బరిబోండాం తెప్పించాడు. ఆవిడ రెండూ ముట్టుకోలేదు. బ్రేకు చూశారు, బాగానే ఉంది. స్టీరింగు చూశారు, బాగానే ఉంది. బండిలో లోపం లేకపోతే తప్పు మనిషిదే అవుతుంది. దేవసహాయం ఖాళీ జేబు తడుముకున్నాడు.

“ఓవర్‌లోడు అని స్టేషనులో చెప్పావట. యజమానికి ముందే చెప్పావా?” అని అడిగారావిడ.

“మూడుసార్లు చెప్పానమ్మా.”

“సాక్ష్యం ఉందా?”

“లేదమ్మా. బండికే తెలియాలి.”

ఆవిడ గోనెసంచి అడిగి తీసుకుని నేల మీద పరిచారు. చీర కొంగు నడుముకు చుట్టుకుని వెల్లకిలా పడుకుని, ఫోను లైటు పట్టుకుని నా కిందికి జరిగారు. మొదట వెనక కుడి కమాను కనబడింది. దుమ్మన్నది లేని కొత్త పట్టీలు. చుట్టూ అంతా పాత మట్టి. ఆవిడ వేలితో తడుముతూ కొక్కెం పక్కకు వచ్చి ఆగిపోయారు. కమాను మార్చగలిగారు, నా దూలం మార్చలేకపోయారు గదా. పగులు లోపలంతా గోధుమరంగు తుప్పు. అంచున మాత్రం రెండు వేళ్ళ మేర తళతళలాడే కొత్త లోహం. ఒక్క పూటలో పగిలిన ఇనుముకు లోపల అంత తుప్పు పట్టదు.

“మేస్త్రిగారూ, ఇలా రండి,” అన్నారు కింద నుంచే. “ఈ తుప్పు ఎన్నాళ్ళది?”

కరీముల్లా మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పూర్ణచంద్రరావు గొంతు సవరించుకున్నాడు.

“నెల దాటిందమ్మా,” అన్నాడు కరీముల్లా. “బరువంతా కుడికే పెట్టాం. వంకర కనబడకుండా రెండు పట్టీలు ఎక్కించింది నేనే. విరిగినవి షెడ్డులో ఉన్నాయి, తెచ్చిస్తా. సహాయం అన్న వద్దన్నాడు. నేనే వినలా.”

ఆ మాట అని ఆయన లేచి నిలబడ్డాడు. ఆ రెండు బళ్ళ పనీ పోయిందని ఆయనకు తెలుసు. ఆయన మీద నా అసహ్యం పూర్తిగా పోయిందని చెప్పను. సగం పోయింది.

ఇందుమతిగారు లేచి దుమ్ము దులుపుకున్నారు. పూర్ణచంద్రరావు ఏదో అనబోయాడు.

“దూలం పగిలిన బండిని కాలవలో దించి మిమ్మల్ని బతికించాడండీ ఈయన. ఆ సీట్లో నేనుంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు,” అన్నారు.

నివేదికలో రెండు ముక్కలు రాశారు. ఒకటి, ప్రమాదానికి కారణం ఒకవైపు మితిమీరిన బరువు వల్ల ఛాసిస్ పగలడం, డ్రైవరు తప్పు లేదు. రెండు, ఈ ఛాసిస్ ఇక రోడ్డుకు పనికిరాదు. మొదటి వాక్యంతో ఆయన బతికాడు, రెండోదానితో నేను పోయాను. నాకు అభ్యంతరం లేదు.

పది రోజులకు కార్డు చేతికి వచ్చింది. స్టేషను మెట్ల మీదే పూర్ణచంద్రరావు దేవసహాయం భుజం మీద చెయ్యి వేశాడు, ఏమీ జరగనట్టు. ఆ మనిషికి సిగ్గు అన్నది ఏ మూలన పెట్టారో ఏ సిద్ధాంతీ చెప్పలేడు.

“జరిగిందేదో జరిగింది. కొత్త బండి చేయిస్తున్నా, నువ్వే నడపాలి. సిద్ధాంతిగారు పొరపాటు పట్టేశారులే. బండి ముఖం తూర్పు కాదంట, ఉత్తరమంట. ఈసారి బరువంతా ఎడమకొస్తది. నీ బాధ తీరిపోయింది గదా?”

దేవసహాయం ఓపిగ్గా అడిగాడు. “మధ్యన పెట్టిస్తారా అయ్యా, బరువు?”

“మధ్యన బ్రహ్మస్థానం. అక్కడేం పెట్టకూడదు.”

దేవసహాయం రెండు చేతులూ జోడించాడు. “అయితే నన్నొదిలెయ్యండయ్యా,” అని మెట్లు దిగి, బస్టాండు వైపు నడిచాడు.

నన్ను ఆటోనగర్ తుక్కు కొట్టుకు తెచ్చి, గ్యాసు కట్టరుతో తొమ్మిది ముక్కలు చేశారు. ఇప్పుడు పాత డ్రమ్ముల పక్కన పడి ఉన్నాను. రేపో మాపో కరిగిస్తారట. రేకు చేసినా, మేకు చేసినా, వంతెనకు కమ్మీ చేసినా నాకు సమ్మతమే. కాకపోతే బరువెత్తే ముందు ఎంత మోయగలనో ఒక్కసారి అడగండి. అడగడం చేతకాకపోతే, తెలిసినవాడు చెబుతున్నప్పుడు నోరు మూసుకుని వినండి.